కరెంటు తీగలో కబురు: పవర్‌లైన్ అడాప్టరు పూర్వచరిత్ర

ఇంటిలో రౌటరు ఉన్న గదికి దూరంగా, వై-ఫై అందని మరో గదికి ఇంటర్నెట్టు చేర్చడానికి వాడే సాధనాలలో పవర్‌లైన్ అడాప్టరు ఒకటి. ఇది ఎప్పుడూ జంటగానే పనిచేస్తుంది: అరచేతిలో ఇమిడే రెండు పెట్టెలలో ఒకదానిని రౌటరు పక్కనున్న ప్లగ్గులో పెట్టి ఈథర్నెట్ తీగతో రౌటరుకు కలుపుతారు, రెండవదానిని ఇంటర్నెట్టు కావలసిన గదిలోని ప్లగ్గులో పెట్టి కంప్యూటరుకో టీవీకో కలుపుతారు, ఈ రెంటి నడుమ సమాచారం గోడలలో ముందే ఉన్న కరెంటు తీగల గుండా ప్రయాణిస్తుంది. కొత్తగా తీగ లాగే పని లేదు, గోడకు బెజ్జం వేసే పని లేదు. 2001లో అంగళ్ళలోకి వచ్చిన ఈ వస్తువును ఇంటర్నెట్టు కాలపు సంతానంగా భావించడం సహజమే గాని, దాని వెనుక ఉన్న ఆలోచన టెలివిజనుకన్నా, రేడియో ప్రసారాలకన్నా కూడా పాతది. విద్యుత్తు పట్టణాలలోకి అడుగుపెట్టిన తొలి దశాబ్దాలలోనే, ఇంటింటికీ చేరుతున్న ఈ తీగ వెలుతురుతో పాటు కబురును కూడా ఎందుకు మోయకూడదన్న ప్రశ్న పుట్టింది. తీగ ముందే ఉంది కనుక దారి ఉచితమని ప్రతి తరమూ నమ్మింది; ఆ తీగ కబురు కోసం వేసినది కాదన్న సంగతిని ప్రతి తరమూ తన సొంత ఖర్చుతో తెలుసుకుంది. అందుచేత ఈ చరిత్రలో గెలుపులకన్నా ఓటములే ఎక్కువ, ఆ ఓటములే ఎక్కువ నేర్పుతాయి కూడా.

ఈ ఏర్పాటుకు ఆధారమైన భౌతిక సూత్రం కష్టమైనదేమీ కాదు. భారతదేశంలో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో, అమెరికాలోనైతే 60 ఆవృత్తులతో, దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. ఈ ఆవృత్తుల సంఖ్యనే పౌనఃపున్యం అంటారు, దానిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. అదే తీగ మీద సెకనుకు వేలసార్లో లక్షలసార్లో కంపించే మరొక బలహీనమైన తరంగాన్ని ఎక్కిస్తే రెండూ ఒకదానినొకటి చెరుపుకోకుండా కలిసే సాగుతాయి, అవతలి కొసన కెపాసిటరు అనే చిన్న భాగం నెమ్మదిగా కదిలే కరెంటును అడ్డగించి వడిగా కంపించే తరంగాన్ని మాత్రమే లోపలికి వదులుతుంది. కబురును మోసే ఈ రెండవ తరంగానికి వాహక తరంగమని పేరు; దాని బలాన్నో పౌనఃపున్యాన్నో కబురుకు తగినట్లు మార్చడాన్ని మాడ్యులేషను అంటారు.

సూత్రం ఇంత సులువైనా ఆచరణ కష్టం కావడానికి కారణం తీగ స్వభావమే. టెలిఫోను తీగలను రెండేసి చొప్పున మెలిపెట్టి వేస్తారు, దానివల్ల ఒక తీగ నుండి బయటికి చిందే తరంగాన్ని రెండవ తీగ రద్దు చేస్తుంది. కరెంటు తీగలకు అటువంటి ఏర్పాటు లేదు. స్విచ్ బోర్డు దగ్గర, జంక్షను దగ్గర, ఖాళీ ప్లగ్గు దగ్గర తరంగం కొంత వెనుదిరుగుతుంది. మిక్సీ మోటారు, ఫ్యాను రెగ్యులేటరు, ఫోను చార్జరు వంటివి తమ వంతు రొదను అదే తీగలోకి వదులుతాయి. సాగునీటి కాలువలో తాగునీరు పంపాలనుకోవడం వంటి పని ఇది: కాలువ ఊరిదాకా ఉన్న మాట నిజమే గాని, దారిలో ప్రతి తూము దగ్గరా కొంత పోతుంది, ప్రతి రేవు దగ్గరా కొంత మురికి కలుస్తుంది. వీటికి తోడు, పౌనఃపున్యం పెరిగినకొద్దీ ఆ తీగే ఏరియల్‌గా మారి తన గుట్టును రేడియో తరంగాల రూపంలో గాలిలోకి వెదజల్లుతుంది. ఈ చివరి లక్షణమే కాలక్రమంలో పెద్ద పెద్ద కంపెనీల ఆశలను కూల్చింది.

తొలి ప్రయత్నాలు మాటలు పంపడానికి కాక మీటర్ల కోసం జరిగాయి. 1890ల చివరి సంవత్సరాలలోనే, విద్యుత్ కేంద్రం నుండి సరఫరా తీగ ద్వారానే సంకేతం పంపి ఇళ్ళలోని మీటరును ఒక ధర నుండి మరొక ధరకు మార్చే పద్ధతులకు ఐరోపాలో పేటెంట్లు దాఖలయ్యాయి. రాత్రివేళ వాడకం తక్కువగా ఉండి యంత్రాలు ఖాళీగా తిరుగుతున్నప్పుడు చౌక ధరకు కరెంటు అమ్ముకోవాలన్న వ్యాపారావసరం దీని వెనుక ఉంది. ఆ ఆలోచన 20వ శతాబ్ది ప్రథమార్ధంలో రిపుల్ కంట్రోల్ అనే పేరుతో స్థిరపడింది. ఇందులో సబ్‌స్టేషను నుండి 50 హెర్ట్జ్ కరెంటు మీదికి నూరు నుండి వెయ్యి హెర్ట్జ్ ప్రాంతపు సంకేతాన్ని ఎక్కిస్తారు. పౌనఃపున్యం ఇంత తక్కువ కావడం వల్ల అది ట్రాన్స్‌ఫార్మర్లను దాటి వేలాది ఇళ్ళకు ఒక్కసారే చేరుతుంది, ఇంటి మీటరు దగ్గరున్న రిలే అనే మీట ఆ సంకేతాన్ని గుర్తించి నీళ్ళు కాచే బాయిలరును ఆన్ చేస్తుంది లేదా ఆపుతుంది. జర్మనీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సులలో ఇది విస్తరించింది. ఫ్రాన్సులో చౌక ధర వేళలను తెలిపేందుకు 175 హెర్ట్జ్ సంకేతం వాడారు. న్యూజిలాండులో ఇళ్ళలోని వేడినీళ్ళ తొట్లను ఈ విధంగా అదుపు చేయడం 20వ శతాబ్ది మధ్య నుండి మామూలు సంగతి అయింది. నిమిషానికి కొన్ని ఆజ్ఞలకు మించి మోయలేని ఈ పద్ధతి ఎవరినీ అబ్బురపరచలేదు, ఎవరి రేడియోకూ అడ్డు రాలేదు, అందుకే చిరకాలం నిలిచింది.

కరెంటు తీగ ద్వారా పాట వినిపించాలన్న కోరిక వేరొక దారిలో వచ్చింది. అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగంలో అధికారిగా ఉండి, మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆ విభాగానికే అధిపతి అయిన జార్జ్ ఓవెన్ స్క్వయర్, 1910 ప్రాంతంలో ఒకే టెలిఫోను తీగ మీద వేరువేరు వాహక తరంగాలతో ఏకకాలంలో పలు సంభాషణలు పంపవచ్చునని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. తీగ మీద నడిచే రేడియో అనదగిన ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు 'వైర్డ్ వైర్‌లెస్'. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఈ సైనికాధికారికి, గాలిలో వెళ్ళే రేడియో తరంగాలు వృథా అవుతున్నాయన్న అసంతృప్తి ఉండేది. తరంగానికి తీగ అనే కట్ట వేస్తే అది చేరవలసిన చోటికే చేరుతుందని, పైగా విన్నవారి దగ్గర డబ్బు వసూలు చేయడానికి కూడా వీలవుతుందని ఆయన గ్రహించాడు. ప్రకటనలతో నడిచే రేడియోకు బదులు, నెలనెలా కరెంటు బిల్లులో కలిపి చెల్లించే సంగీతం ఆయన ఊహ. 1922లో నార్త్ అమెరికన్ కంపెనీ అనే పెద్ద విద్యుత్ సంస్థ ఆ ఊహను తీసుకుని వైర్డ్ రేడియో అనే కంపెనీని నెలకొల్పింది, న్యూయార్కులోని స్టాటెన్ ఐలండు మీద ఇళ్ళకు కరెంటు తీగల ద్వారా కార్యక్రమాలు వినిపించి చూసింది.

ఆ వ్యాపారం ఇళ్ళలో నిలబడలేదు. కంపెనీ సిద్ధమయ్యేలోపే గాలిలో ఉచితంగా వచ్చే రేడియో కార్యక్రమాలు జనానికి అలవాటయ్యాయి, డబ్బు కట్టి వినవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అప్పుడు కంపెనీ ఇళ్ళను వదిలి హోటళ్ళను, భోజనశాలలను, కార్యాలయాలను పట్టుకుంది, కరెంటు తీగలను వదిలి టెలిఫోను తీగలను అద్దెకు తీసుకుంది. స్క్వయరుకు కొడాక్ అనే కెమెరా కంపెనీ పేరు నచ్చడంతో మ్యూజిక్ అన్న మాటను దానితో అతికించి 1934లో మ్యూజాక్ అన్న పేరు పెట్టాడు, అదే సంవత్సరం కన్నుమూశాడు. దుకాణాలలో, లిఫ్టులలో ఎవరూ చెవి పెట్టి వినని సంగీతానికి ఇంగ్లీషు మాట్లాడేవారు ఇప్పటికీ ఆ పేరే వాడుతారు. కరెంటు తీగకు పుట్టిన ఈ బిడ్డ పేరు తెచ్చుకున్న నాటికి కరెంటు తీగతో దానికి సంబంధమే మిగలలేదు.

ఇళ్ళలో కుదరని పని అడవులలో, కొండలలో కుదిరింది. 1920లలో అమెరికా, జపాను, ఐరోపా దేశాలలో జలవిద్యుత్ కేంద్రాల నుండి నగరాలకు వందల కిలోమీటర్ల పొడవున హైటెన్షను లైన్లు పడ్డాయి. ఈ కొసనున్న కేంద్రమూ ఆ కొసనున్న సబ్‌స్టేషనూ క్షణక్షణం మాట్లాడుకోకపోతే అవి నడవవు, అయితే దారి పొడవునా టెలిఫోను స్తంభాలు వేయడం ఖరీదైన పని, వేసినా తుఫానుకు ముందుగా తెగేది ఆ సన్నటి తీగే. పిడుగులకూ గాలివానలకూ తట్టుకునేలా కట్టిన బలమైన తీగ ఎలాగూ ఉంది కనుక ఇంజనీర్లు దాని మీదే మాట పంపారు. మొదట్లో హైటెన్షను తీగకు సమాంతరంగా ఏరియల్ వంటి తీగ కట్టి సంకేతాన్ని ఎక్కించేవారు. తరువాత ఎక్కువ వోల్టేజికి తట్టుకునే కెపాసిటర్లు వచ్చి ఆ తిప్పలు తప్పించాయి. కొన్ని పదుల నుండి కొన్ని వందల కిలోహెర్ట్జ్ వరకు గల వాహక తరంగాలతో నడిచే ఈ పద్ధతినే పవర్‌లైన్ కారియర్ కమ్యూనికేషను అంటారు.

భారతదేశపు విద్యుత్ శాఖలలో దానిని పొడి అక్షరాలతో పీఎల్‌సీసీ అని పిలవడమే అలవాటు. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలితో సహా దేశంలోని విద్యుత్ మండళ్ళన్నీ దీని మీద దశాబ్దాల తరబడి ఆధారపడ్డాయి. సామాన్యులు ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసే రోజులలో సబ్‌స్టేషనులోని ఆపరేటరు, లోడ్ డిస్పాచ్ కేంద్రం అంటే ఏ లైనుకు ఎంత కరెంటు పంపాలో నిర్ణయించే కార్యాలయంతో, హైటెన్షను తీగ మీదుగానే మాట్లాడేవాడు. ఒక లైనులో లోపం తలెత్తితే అవతలి కొసనున్న బ్రేకరు వెంటనే పడిపోవాలన్న ఆజ్ఞ కూడా అదే దారిన వెళ్ళేది. తెలుగు రాష్ట్రాలలో పెద్ద సబ్‌స్టేషను ఆవరణలోకి లైను దిగే చోట, పీపా ఆకారంలో వేలాడదీసిన లేదా స్తంభం మీద నిలబెట్టిన లావుపాటి తీగచుట్టను దారిన పోయేవారు కూడా చూడవచ్చు. దానికి వేవ్ ట్రాప్ అని పేరు. అది 50 హెర్ట్జ్ కరెంటును సులువుగా పోనిచ్చి, కబురు మోసే తరంగాన్ని మాత్రం సబ్‌స్టేషను యంత్రాలలోకి పోకుండా ఆపి ఫోను గదివైపు మళ్ళిస్తుంది. ఈ పద్ధతి విజయానికి కారణం అందులోనే ఉంది: తీగకు రెండే కొసలు, రెండు కొసలూ ఒకే యజమానివి, మధ్యలో శాఖలు లేవు, కొసలలో ఏమి తగిలించాలో నిర్ణయించే అధికారం ఇంజనీరుదే. ఇంటి వైరింగులో వీటిలో చాలావరకు ఉండవు.

అయినా ఇంటి లోపల చిన్న చిన్న ప్రయోగాలు ఆగలేదు. 1930లలో ప్రసిద్ధ విమాన చోదకుడు లిండ్‌బర్గ్ శిశువు అపహరణ అమెరికాను కుదిపిన తరువాత, జెనిత్ కంపెనీ 1937లో రేడియో నర్స్ అనే సాధనాన్ని విడుదల చేసింది. పసిబిడ్డ పడుకున్న గదిలోని పెట్టె ఆ గది చప్పుళ్ళను ఇంటి కరెంటు తీగల ద్వారా మరో గదిలోని స్పీకరుకు పంపేది. ఆ స్పీకరుకు ముసుగు వేసుకున్న తలను పోలిన బేకలైటు రూపమిచ్చినవాడు శిల్పి ఇసాము నొగూచి, దానితో అది కొన్ని మ్యూజియములకు కూడా ఎక్కింది. అదే కాలంలో, 1936లో, బ్రౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ హాస్టళ్ళలో సొంత రేడియో నడపడం మొదలుపెట్టారు; లైసెన్సు అవసరం లేని తక్కువ బలంతో హాస్టలు వైరింగులోకి సంకేతాన్ని ఎక్కిస్తే గదిలోని మామూలు రేడియో దానిని పట్టుకునేది. ఈ పద్ధతి త్వరలోనే ఇతర అమెరికా కళాశాలలకు పాకింది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం హామ్ రేడియో ప్రసారాలను, అంటే సరదా కోసం సొంత పరికరాలతో మాట్లాడుకునేవారి ప్రసారాలను నిషేధించినప్పుడు, ఆ ఔత్సాహికులలో కొందరు గాలిని వదిలి వీధి కరెంటు తీగల మీద ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఆ హామ్‌ల వారసులే అరవై ఏళ్ళ తరువాత కరెంటు తీగ ఇంటర్నెట్టు మీద కోర్టుకెక్కడం ఈ చరిత్రలో ఒక చమత్కారం.

ఇంటి తీగ మీద అంకెల రూపంలో ఆజ్ఞలు పంపే తొలి ప్రసిద్ధ పద్ధతి స్కాట్లాండులోని గ్లెన్‌రోథస్‌లో పుట్టింది. పైకో ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ 1975లో చేపట్టిన పదవ ప్రాజెక్టు కావడంతో దానికి ఎక్స్10 అన్న పేరే నిలిచిపోయింది; 1978 నుండి అది అమెరికా దుకాణాలలో దొరికింది. మంచం మీద నుంచే హాలులోని దీపం ఆర్పడం దాని ప్రయోజనం. ప్రత్యావర్తి కరెంటు దిశ మారేటప్పుడు వోల్టేజి ఒక్క క్షణం సున్నాకు వస్తుంది, ఆ క్షణంలో తీగలో రొద తక్కువగా ఉంటుంది; ఎక్స్10 సరిగ్గా ఆ క్షణం చూసి 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని క్లుప్తంగా పంపేది, సంకేతం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. ఒక్క ఆజ్ఞ చేరడానికి దాదాపు సెకను పట్టేది. పదహారు ఇంటి సంకేతాలు, ఒక్కొక్కదానిలో పదహారు పరికరాలు కలిసి మొత్తం 256 చిరునామాలు మాత్రమే ఉండడం, పక్కింటివారు కూడా అదే ఇంటి సంకేతం ఎంచుకుంటే ఒకరి మీట మరొకరి దీపాన్ని వెలిగించడం వంటి చిక్కులు దానికి ఉండేవి. అయినప్పటికీ గోడలు పగలగొట్టకుండా ఇంటిని ఆధునికం చేసుకోవచ్చునన్న ఆశను సామాన్య గృహస్థుకు అమ్మినది ఎక్స్10యే.

1990లలో ఇంటర్నెట్టు విస్తరించేసరికి పాత ఆశ కొత్త బలంతో తిరిగి వచ్చింది, ఈసారి ఇంటి లోపలకు కాక ఇంటి దాకా. టెలిఫోను కంపెనీల గుత్తాధిపత్యం పడగొట్టాలంటే ప్రతి ఇంటికీ వెళ్ళే రెండవ తీగ కావాలి, ఆ తీగ విద్యుత్ కంపెనీల చేతిలో ముందే ఉంది. 1997లో ఇంగ్లండు వాయవ్య ప్రాంతపు విద్యుత్ సంస్థ నార్వెబ్, కెనడాకు చెందిన నార్టెల్‌తో కలిసి, కరెంటు తీగల మీద సెకనుకు 1 మెగాబిట్ వేగంతో ఇంటర్నెట్టు ఇవ్వగలమని ప్రకటించింది. టెలిఫోను మోడెము వేగం అప్పటికి సెకనుకు 56 కిలోబిట్‌లకు మించదు కనుక ఈ ప్రకటన ప్రపంచవ్యాప్తంగా సంచలనమైంది. మాంచెస్టరు ప్రాంతంలో ఒక బడిలోనూ కొన్ని ఇళ్ళలోనూ ప్రయోగం జరిగింది, పని కూడా చేసింది. అయితే ఆ తరంగాల పౌనఃపున్యం మెగాహెర్ట్జ్‌లలో ఉండేది, ఆ పౌనఃపున్యాలలోనే షార్ట్‌వేవ్ రేడియో కూడా ఉంది. భూగర్భ కేబులుకు కలిసి ఉన్న వీధిదీపాల స్తంభాలు, ఎవరూ ఊహించని విధంగా, ఆ తరంగాలను గాలిలోకి ప్రసారం చేసే ఏరియళ్ళుగా మారుతున్నాయని రేడియో వినియోగదారులు, ప్రభుత్వ సంస్థలు అభ్యంతరం చెప్పారు. తగినంత వ్యాపారం కనిపించడం లేదన్న కారణం చూపి భాగస్వాములు 1999లో పథకాన్ని మూసివేశారు.

జర్మనీలో ఆర్‌డబ్ల్యూఈ అనే విద్యుత్ సంస్థ 2001లో ఇటువంటి సేవనే ప్రారంభించి మరుసటి ఏడే విరమించుకుంది. అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను 2004లో కరెంటు తీగ బ్రాడ్‌బ్యాండుకు నియమాలు రూపొందించి ప్రోత్సాహమిచ్చింది, వర్జీనియాలోని మనాసస్ పట్టణం ఊరంతటికీ ఆ సేవ అందించి ఆదర్శంగా పేరు తెచ్చుకుంది. అయితే అమెరికాలో అడ్డం వచ్చినది రేడియో ఒక్కటే కాదు. ఐరోపాలో ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు కింద నూరు, రెండు నూర్ల ఇళ్ళు ఉంటాయి గనుక ఒక యంత్రం పెడితే అన్నింటికీ సరిపోతుంది. అమెరికాలో ఒక ట్రాన్స్‌ఫార్మరుకు నాలుగైదు ఇళ్ళే, మెగాహెర్ట్జ్ తరంగాలు ట్రాన్స్‌ఫార్మరును దాటలేవు, కాబట్టి ప్రతి స్తంభం మీదా దానిని చుట్టి వెళ్ళే పరికరం ఒకటి బిగించాలి. ఉచితమనుకున్న దారికి ఇలా అడుగడుగునా సుంకం పడింది. కమిషను తన ఇంజనీర్ల అధ్యయనాలలో కొన్ని భాగాలను దాచిపెట్టిందన్న హామ్ రేడియో సంఘం వాదనతో 2008లో అప్పీలు కోర్టు ఏకీభవించింది. మనాసస్ సేవ 2010లో ఆగిపోయింది. ఈలోగా టెలిఫోను తీగ మీది డీఎస్‌ఎల్, కేబుల్ టీవీ తీగ మీది ఇంటర్నెట్టు వేగంలోనూ చౌకలోనూ ముందుకు సాగిపోయాయి.

వీధిలో ఓడిన ఆలోచన గుమ్మం లోపల గెలవడం ఈ చరిత్రలో అసలైన మలుపు. ఇంటి తీగ పొడవు కొన్ని పదుల మీటర్లు మాత్రమే కనుక తక్కువ బలంతో పని జరుగుతుంది, బలం తగ్గితే గాలిలోకి చిందేదీ తగ్గుతుంది. 1990ల చివర అమెరికాలో ఇంటెలోజిస్ అనే కంపెనీ కంప్యూటరుకు ప్రింటరు తగిలించే చోట బిగించే ఒక పెట్టెను అమ్మింది గాని, దాని వేగం సెకనుకు 350 కిలోబిట్‌లే. వేరువేరు కంపెనీల పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడలేని స్థితిని తప్పించడానికి 2000 మార్చిలో సిస్కో, ఇంటెల్, మోటరోలా, పానసోనిక్, రేడియోషాక్ తదితర పదమూడు సంస్థలు హోమ్‌ప్లగ్ పవర్‌లైన్ అలయన్స్‌గా ఏర్పడ్డాయి. ఫ్లోరిడాలోని ఒకాలా పట్టణపు ఇంటెలాన్ కంపెనీ రూపొందించిన పద్ధతిని ఎంచుకుని 2001 జూన్‌లో తొలి ప్రమాణాన్ని వెలువరించాయి. దాని వేగం సెకనుకు 14 మెగాబిట్‌లు.

ఆ ప్రమాణపు గుండెకాయ ఓఎఫ్‌డీఎం అనే పద్ధతి. పాత పద్ధతులు ఒకే వాహక తరంగం మీద భారమంతా మోపేవి, ఆ పౌనఃపున్యం దగ్గరే ఫ్రిజ్ మోటారు రొద చేస్తే కబురు మొత్తం పోయేది. ఓఎఫ్‌డీఎంలో కబురును ముక్కలు చేసి 84 సన్నని వాహకాల మీద సర్దుతారు. రెండు అడాప్టర్లూ ముందుగా ఒక్కొక్క వాహకాన్ని పరీక్షించి, బాగా వినిపించే వాటిని వాడుకుని, వినిపించని వాటిని వదిలేస్తాయి, ఇంటిలో ఎవరైనా మిక్సీ వేస్తే ఆ పట్టికను మళ్ళీ సరిచేసుకుంటాయి. మాంచెస్టరు అనుభవం వృథా పోలేదు. హోమ్‌ప్లగ్ రూపకర్తలు హామ్ రేడియో సంఘంతో ముందుగానే మాట్లాడి, హామ్‌లకు కేటాయించిన పౌనఃపున్యాల దగ్గర వాహకాలను ఆపివేశారు. అమెరికాలో 84లో 76 మాత్రమే పనిచేయడానికి కారణం అదే. విద్యుత్ కంపెనీలు కోర్టుల దాకా తెచ్చుకున్న తగాదాను పెట్టె తయారీదారులు ఎనిమిది వాహకాల త్యాగంతో చాలావరకు దాటవేశారనవచ్చు.

2005లో వచ్చిన హోమ్‌ప్లగ్ ఏవీ ప్రమాణం వేగాన్ని 200 మెగాబిట్‌లకు పెంచింది, 2012లో వచ్చిన ఏవీ2 ఫేజు, న్యూట్రల్ తీగలతో పాటు ఎర్తు తీగను కూడా వాడుకుని ఇంకా పైకి తీసుకుపోయింది. అమెరికా ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ 2010లో 1901 అనే సంఖ్యతో ప్రమాణాన్ని ఆమోదించింది. ఇక్కడ పెట్టె మీద ముద్రించిన అంకె గురించి ఒక మాట చెప్పక తప్పదు: అది తీగ మీద పోయే మొత్తం సంకేతపు వేగం, అందులో తప్పులు దిద్దుకోవడానికి, వంతులు నిర్ణయించుకోవడానికి పోయేది పోగా వినియోగదారుకు దక్కేది మంచి వైరింగులోనే సగానికి అటూ ఇటూ, పాత వైరింగులోనైతే ఐదోవంతు కూడా కాకపోవచ్చు. వ్యాపారులు ఈ అంకెలను వాడుకున్న తీరు నిజాయితీ అనిపించుకోదు, ఈ వస్తువు మీద జనానికి కలిగిన అసంతృప్తిలో పెద్ద పాలు ఆ ముద్రణదే. భద్రత విషయంలోనూ తొలినాళ్ళలో అజాగ్రత్త కనిపిస్తుంది. సంకేతం మీటరు దగ్గర ఆగిపోదు, ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది పొరుగింటికీ కొంత చేరుతుంది. పెట్టెలన్నీ ఒకే సంకేతపదంతో అమ్ముడైన రోజులలో, దానిని మార్చుకోని రెండు ఇళ్ళు తెలియకుండానే ఒకే నెట్‌వర్కులో కలిసిపోయే వీలుండేది. తరువాత జంటను కలిపే మీట వచ్చి ఆ లోపం తగ్గింది. బ్రిటన్‌లో టీవీ సేవలతో పాటు లక్షల అడాప్టర్లు ఇళ్ళకు చేరడంతో షార్ట్‌వేవ్ శ్రోతల ఫిర్యాదులు మళ్ళీ మొదలయ్యాయి, చివరకు 2013లో ఐరోపా ప్రమాణం ఈఎన్ 50561-1 అడాప్టర్ల చిందుడుకు హద్దులు గీసింది.

ఈ పెట్టె ఎక్కడ బాగా పనిచేస్తుందో, ఎక్కడ మొండికేస్తుందో నిర్ణయించేది ఆయా దేశాల వైరింగు చరిత్ర. రెండవ ప్రపంచయుద్ధం తరువాత రాగి కొరతలో బ్రిటన్ చేపట్టిన పద్ధతిలో ఒక అంతస్తు ప్లగ్గులన్నీ ఒకే వలయపు తీగ మీద ఉంటాయి, అక్కడ అడాప్టర్లకు ఆదరణ దొరికింది. అమెరికా ఇంటికి 120 వోల్టుల తీగలు రెండు వస్తాయి, ఒక అడాప్టరు ఒక తీగ మీద, రెండవది మరో తీగ మీద పడితే సంకేతం నీరసిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో త్రీఫేజు కనెక్షను ఉన్న పెద్ద ఇళ్ళలో అదే చిక్కు మూడింతలు అవుతుంది. ఇన్వర్టరు గుండా వెళ్ళే సర్క్యూటు ఒకటీ నేరుగా వెళ్ళేది ఒకటీ వేరువేరుగా ఉండడం, స్పైక్ గార్డులు రొదతో పాటు సంకేతాన్ని కూడా వడగట్టేయడం దానికి తోడవుతాయి. అందుకే అడాప్టరును ఎక్స్‌టెన్షను బోర్డులో కాక గోడ ప్లగ్గులోనే పెట్టాలన్న సూచన ప్రతి పెట్టెతోనూ వస్తుంది, ఎవరూ చదవరు.

చిప్పులు తయారుచేసిన కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇంటెలాన్‌ను 2009లో ఎథిరోస్, ఎథిరోస్‌ను 2011లో క్వాల్‌కామ్ కొనుగోలు చేశాయి. అంతర్జాతీయ టెలికాం సంఘం తెచ్చిన జీ.హెచ్ఎన్ అనే మరొక ప్రమాణంతో కొత్త అడాప్టర్లు వస్తున్నాయి గాని, పలు పెట్టెలు కలిసి ఇల్లంతా వై-ఫై పరిచే మెష్ పద్ధతి వాటి అంగడిని చాలావరకు ఆక్రమించింది. కరెంటు తీగ మీద కబురును ఇప్పుడు అత్యధికంగా వాడుకునేవి విద్యుత్ సంస్థలే: ఇటలీలో 2001 నుండి మూడు కోట్లకు పైగా ఇళ్ళ మీటర్లు, ఫ్రాన్సులో దాదాపు మూడున్నర కోట్ల లింకీ అనే మీటర్లు తమ లెక్కను ఆ తీగ మీదనే పంపుతున్నాయి. ఇంటర్నెట్టు కోసం మాత్రం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫైబర్‌నెట్ పథకం కరెంటు స్తంభాలను వాడుకున్నది ఆప్టికల్ ఫైబరు కట్టడానికే. సబ్‌స్టేషనుల మధ్య మాటలు కూడా క్రమంగా టవర్ల కొననున్న ఎర్తు తీగలో ఇమిడిన ఫైబరులోకి మారుతున్నాయి.

కట్టి ఉన్న ఇంటికి, ముఖ్యంగా మందపాటి రాతి గోడల ఇంటికి, అద్దె ఇంటికి అడాప్టరు ఇప్పటికీ పనికివచ్చే ఉపాయమే. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు మాత్రం గోడలు పూయక ముందే కరెంటు పైపుకు కొంచెం ఎడంగా ఇంకొక ఖాళీ పైపు ప్రతి గదికీ వేయించి పెట్టుకోవడం మంచిది. అందులో ఈథర్నెట్ తీగ ఎప్పుడైనా లాగుకోవచ్చు, దానికయ్యే ఖర్చు ఒక జత అడాప్టర్ల ధరను మించకపోవచ్చు.